అడగండి, చెప్తాం: ప్రాగ్‌లో అజ్ఞాతం, బెర్లిన్‌లో తీర్పు

గత సంచికలో చెక్ పాత్రికేయుడు జూలియస్ ఫూచిక్ మీద రెండు పేజీల వ్యాసం వేశాం. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగడం, మర్నాడే హిట్లర్ ఆ దేశాన్ని 'బొహీమియా–మొరావియా సంరక్షిత ప్రాంతం'గా ప్రకటించడం, ఫూచిక్ 1942 ఏప్రిల్‌లో పట్టుబడటం, 1943 సెప్టెంబరు 8న బెర్లిన్‌లో నాజీలు ఆయన ప్రాణం తీయడం... అందులో ఉన్నది ఇంతే. అది చాల్లేదని పాఠకులు గట్టిగానే చెప్పారు. ఒంగోలు, కావలి, కందుకూరు, నెల్లూరు, సింగరాయకొండ నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: సార్, వచ్చే పరిషత్తు పోటీలకి ఫూచిక్ మీద నాటిక రాస్తున్నాను. మూడు రంగాలు: ఇంటరాగేషన్, కోర్టు, గిలొటిన్. కోర్టులో నల్లకోటు జడ్జి, డిఫెన్స్ లాయరుకి పేజీన్నర డైలాగు. చరిత్రకి సరిపోతాయా? – ఒక నాటక రచయిత, ఒంగోలు

మూడింటిలోనూ మార్పులు కావాలి. సెట్టింగుకి ఎక్కువ ఖర్చయ్యేది చివరి రంగానికే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. గిలొటిన్ తీసెయ్యండి. బెర్లిన్‌లోని ప్లోట్సెన్‌జే జైల్లో గిలొటిన్ ఉన్నమాట వాస్తవమే. కానీ 1943 సెప్టెంబరు 3 రాత్రి పడిన బాంబులకి జైలూ ఆ యంత్రమూ దెబ్బతిన్నాయి. ఆ గందరగోళంలో మరణశిక్ష పడిన ఖైదీలు కొందరు తప్పించుకున్నారు కూడా. దాంతో న్యాయశాఖకి తొందర పుట్టింది. పెండింగులో ఉన్న క్షమాభిక్ష అర్జీలు గబగబా కొట్టేశారు. 7వ తేదీ రాత్రి మొదలుపెట్టి తెల్లారేసరికి 186 మందిని ఉరితీశారు. ఎనిమిదేసి మంది చొప్పున తీసుకొచ్చారు. పైన అడ్డంగా ఒక ఇనుప దూలం, దానికి వరసగా కొక్కేలు. ఫూచిక్ చనిపోయింది ఆ ఉరుల్లోనే. తల నరికారని పాత పుస్తకాలు కొన్ని రాశాయి, ఆ మాట నమ్మకండి. మీకు కావలసింది ఒక దూలం, ఎనిమిది కొక్కేలు. ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఇక కోర్టు. అది 1934లో నాజీలు పెట్టిన 'ప్రజా న్యాయస్థానం', జర్మన్‌లో ఫోల్క్స్‌గెరిష్ట్స్‌హోఫ్. బెంచి మీద ఐదుగురుంటారు. ఇద్దరు వృత్తి జడ్జీలు, మిగిలిన ముగ్గురు నాజీ పార్టీ నుంచో దాని సాయుధ దళం ఎస్.ఎస్. నుంచో సైన్యం నుంచో వచ్చినవాళ్లు. వృత్తి జడ్జీలది నల్లకోటు కాదు, ముదురు ఎరుపు గౌను. మిగతావాళ్లు యూనిఫారాల్లో కూర్చుంటారు. ఫూచిక్ కేసు 1943 ఆగస్టు 25న విచారణకొచ్చింది. అధ్యక్షత వహించింది రోలాండ్ ఫ్రైస్లర్. ముద్దాయిల మీద గొంతు చించుకుని అరవడంలో పేరుమోసినవాడు. లాయరుకి మీరు రాసిన పేజీన్నర రెండు వాక్యాలకి కుదించండి. ముద్దాయి తరఫున ఎవరు నిలబడాలన్నా కోర్టు ఒప్పుకోవాలి. కేసు కాగితాలు లాయరు చేతికొచ్చేది ఆఖరి క్షణంలో. గట్టిగా వాదిస్తే తన పట్టా పోవచ్చు, తనే లోపలికి పోవచ్చు. అందుకే చాలా కేసుల్లో 'న్యాయమైన శిక్ష వేయండి' అని కూర్చుండిపోయేవాళ్లు. వాదించాలన్న కోరిక మీ నాటికలో ఉంటే ఆ మాటలు ఫూచిక్ నోట పెట్టండి. ఆయన్ని మాట్లాడనిచ్చినంతలో మాట్లాడాడు.

మొదటి రంగం మీకు బాగా కుదరాలి, ఎందుకంటే దానికి అందరికంటే ఎక్కువ వివరం దొరికేది ఫూచిక్ రాతల్లోనే. ప్రాగ్‌లో నాజీ రహస్య పోలీసుల, అంటే గెస్టపో ఆఫీసు పెట్చెక్ అనే బ్యాంకర్ల కుటుంబం కట్టించుకున్న భవనం. జనం దాన్ని 'పెచ్కార్నా' అనేవాళ్లు. పొద్దున్నే పాంక్రాట్స్ జైలు నుంచి ఖైదీల్ని వ్యానులో తెచ్చి, పిలుపొచ్చేదాకా ఒక గదిలో బల్లల మీద వరసగా కూర్చోబెడతారు. వీపు నిటారుగా ఉండాలి, చేతులు మోకాళ్ల మీద, చూపు ఎదుటి ఖాళీ గోడ మీద. పక్కకి తిరిగితే దెబ్బలు. ఖైదీలు ఆ గదికి పెట్టుకున్న పేరు 'సినిమా హాలు'. ఖాళీ గోడ మీద ఎవడి బొమ్మ వాడు చూసుకోవాలి కదా. మీ స్టేజి మీద ఆ గోడ కట్టొద్దు. నటుల్ని ప్రేక్షకుల వైపు తిప్పి కూర్చోబెట్టండి, హాలే ఆ గోడవుతుంది. కొట్టే దృశ్యం కంటే ఆ మూడు నిమిషాల కదలని కూర్చోవడం బాగా పనిచేస్తుంది.

మరో పాత్రని మీరు వదిలేశారు: జైలు గార్డు అడాల్ఫ్ కోలిన్‌స్కీ. చెక్ మనిషే, జర్మన్ జాతీయుణ్నని నమోదు చేయించుకుని ఆ కొలువులో చేరాడు. ఫూచిక్‌కి పెన్సిలూ చిన్న చిన్న కాగితం ముక్కలూ తెచ్చిచ్చింది, రాసినవి దాచి బయటికి చేర్చింది ఆయనే. మొత్తం 167 ముక్కలు. యుద్ధం అయ్యాక ఫూచిక్ భార్య గుస్తా వాటిని ఒక్కచోట చేర్చి పుస్తకంగా తెచ్చింది. ఒక హెచ్చరిక: మొదట అచ్చయిన పాఠంలో కొన్ని భాగాలు తీసేశారు. ఇంటరాగేషన్లో తాను ఎంతకాలం మౌనంగా ఉన్నాడు, ఆ తరవాత పోలీసుల్ని పక్కదారి పట్టించడానికి ఎలా మాట్లాడటం మొదలుపెట్టాడు అన్నది అందులో ఉంది. పూర్తి పాఠం 1995లో గానీ రాలేదు. కాబట్టి అంతకు ముందు వచ్చిన ఏ అనువాదం పట్టుకుని రాసినా మీ ఫూచిక్ ఒక్క మాటా పెదవి దాటని రాతిబొమ్మ అవుతాడు. అసలు మనిషి అంతకంటే ఆసక్తికరమైనవాడు.

ప్రశ్న: చెక్ ప్రతిఘటన సంస్థలు అంత త్వరగా ఎందుకు దొరికిపోయాయి? ద్రోహమే కారణమా? తరగతిలో పిల్లలకి ఏం చెప్పాలి? – చరిత్ర అధ్యాపకులు, కావలి

ద్రోహం ఒక కారణం. మొదటి కారణం మాత్రం కాదు.

ముందు ఎవరెవరున్నారో చూద్దాం. రద్దయిన చెక్ సైన్యం ఆఫీసర్లది 'ఒబ్రానా నారొదా', అంటే జాతి రక్షణ. పాత పార్టీల నాయకులది 'రాజకీయ కేంద్రం'. వామపక్ష మేధావులు, కార్మిక సంఘాలవాళ్లది 'విశ్వాసంగా ఉంటాం' అన్న పిటిషన్ కమిటీ. ఈ మూడూ 1940లో కలిసి 'ఊవోద్' అనే ఉమ్మడి నాయకత్వం ఏర్పాటు చేసుకున్నాయి. కమ్యూనిస్టులది వేరే యు.జి. (అండర్‌గ్రౌండ్, అంటే అజ్ఞాత సంస్థ). 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడ్డాకే వాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య రాకపోకలు పెరిగాయి.

ఆఫీసర్ల సంస్థ తప్పు మొదటి రోజునే జరిగింది. వాళ్లు రహస్య సంస్థ కట్టలేదు, యూనిఫారం లేని సైన్యాన్ని కట్టారు. ప్రాంతీయ కమాండు, దాని కింద జిల్లా, ఆ కింద యూనిట్లు. ఎవరి పై అధికారి ఎవరో రెజిమెంటులో ఉన్నప్పటి నుంచీ అందరికీ తెలిసిందే. జర్మనీ నెలల్లో కూలుతుందని, ఆ రోజు తిరుగుబాటుకి మనుషుల లెక్క కావాలని వాళ్ల అంచనా. లెక్క కావాలంటే జాబితా కావాలి, జాబితా అంటే కాగితం. 1939 చివర్లో ఒక కొస దొరగ్గానే గెస్టపో నిచ్చెన ఎక్కినట్టు పైకి ఎక్కింది. దర్యాప్తు చేసేవాడికి నిచ్చెన మనమే వేసిపెట్టాం అన్నమాట. పిల్లలకి బోర్డు మీద రెండు బొమ్మలు గీసి చూపించండి. పై నుంచి కిందికి కొమ్మలున్న చెట్టు ఒకటి, ముగ్గురేసి మనుషులున్న విడివిడి వలయాలు ఇంకొకటి. ఒక చుక్క చెరిపి, దాంతో పాటు ఎన్ని చుక్కలు పోతాయో వాళ్లనే లెక్కపెట్టమనండి.

కమ్యూనిస్టులు ఆ ముగ్గురేసి పద్ధతే పాటించారు. అయినా వాళ్ల మొదటి కేంద్ర కమిటీ 1941 ఫిబ్రవరిలోనే పట్టుబడింది. ఫూచిక్ ఉన్నది రెండో కమిటీలో. కాగితం మీద పద్ధతి బాగానే ఉంటుంది, మనుషులే దాన్ని దాటుతారు. ఫూచిక్ దొరికిన 1942 ఏప్రిల్ 24 సాయంత్రమే చూడండి. గెస్టపో వచ్చింది ఆయన కోసం కాదు, ఆ ఫ్లాటువాళ్ల కోసం. ఆయన జేబులో ప్రొఫెసర్ హోరాక్ పేరుతో కాగితాలున్నాయి, తమ చేతికి చిక్కింది ఎవరో వాళ్లకి వెంటనే తెలియలేదు. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో రెండు వేరు వేరు లింకుల మనుషులు ఒక్కచోటే ఉన్నారు. ఒకే డెన్‌లో, అంటే రహస్య స్థావరంలో, రెండు లింకులు కలవకూడదన్నది యు.జి. మొదటి పాఠం. అది తెలియక కాదు. నెలల తరబడి ఒంటరిగా తిరిగినవాళ్లకి నాలుగు మాటలు మాట్లాడుకునే సాయంత్రం కావాలనిపిస్తుంది.

అన్నిటికన్నా కష్టం తిండి. ఈ సంగతి మన పుస్తకాల్లో అసలు కనపడదు. అక్కడ రొట్టె, మాంసం, కొవ్వు అన్నీ రేషన్ కార్డు మీదే. కార్డు రావాలంటే పోలీసు నమోదు ఉండాలి. అజ్ఞాతంలోకి వెళ్లిన మనిషికి నమోదు లేదు, కార్డు లేదు. షెల్టరిచ్చిన ఇంటివాళ్లు నలుగురి కార్డుతో ఐదో కడుపు నింపాలి, లేదంటే ఇంకో రెండిళ్ల నుంచి కూపన్లు పోగెయ్యాలి. అంటే ఒక మనిషిని దాచడానికి మూడు కుటుంబాలకి విషయం తెలియాలి. అక్కడే రహస్యం పలచబడుతుంది. గెస్టపోకి ఇది బాగా తెలుసు. కొత్తగా దొరికిన ఇన్‌ఫార్మరు ఇచ్చిన పేరుని వెంటనే అరెస్టు చేసేవాళ్లు కాదు, వదిలేసి ఎక్కడ తింటున్నాడో, ఎవరి గుమ్మం తొక్కుతున్నాడో చూసేవాళ్లు.

నాలుగోది వైర్‌లెస్. 'ముగ్గురు రాజులు' అని పేరుపడిన ఆఫీసర్లు బలాబాన్, మాషీన్, మొరావెక్ లండన్‌కి సమాచారం పంపే బృందం నడిపారు. వాళ్లకి జర్మన్ సైనిక గూఢచారి శాఖలోనే పాల్ ట్యూమెల్ అనే మనిషి దొరికాడు. ఏ–54 అన్నది ఆయన కోడు పేరు. సమాచారం మేలైనది, దాంతో సందేశాలు ఎక్కువయ్యాయి, పొడుగయ్యాయి. గాల్లోకి పంపిన ప్రతి నిమిషమూ దిక్కు కనిపెట్టే వ్యానుకి కానుకే. రెండు మూడు చోట్ల నుంచి దిక్కు కొలిచి మ్యాపు మీద గీతలు గీస్తే అవి కలిసేచోట పేట దొరుకుతుంది. పేట దొరికాక ఇల్లు ఎంతసేపు. 1941 మే 13 రాత్రి ప్రాగ్‌లోని నుస్లే పేటలో ఒక ఫ్లాటులో ట్రాన్స్‌మిషన్ జరుగుతుండగా గెస్టపో తలుపు దగ్గరికొచ్చింది. మాషీన్ తుపాకీతో వాళ్లని ఆపాడు. మొరావెక్, ఆపరేటరు పెల్టాన్ కిటికీలోంచి ఏరియల్ తీగ పట్టుకుని కిందికి జారారు. తీగ సన్నం, మనిషి బరువు ఎక్కువ, మొరావెక్ వేలొకటి తెగిపోయింది. ఇద్దరూ తప్పించుకున్నారు. గాయపడి దొరికిన మాషీన్‌ని ఏడాదికి పైగా హింసించి 1942 జూన్ 30న కోబిలిసి ఫైరింగు రేంజిలో కాల్చేశారు. బలాబాన్ అంతకు ముందే 1941 ఏప్రిల్‌లో దొరికాడు, అదే ఏడాది అక్టోబరు 3న కాల్చారు. మొరావెక్ 1942 మార్చి 21న వీధి పోరులో పోయాడు.

ఏ–54ని కూడా పట్టుకున్నారు. యుద్ధం ముగియబోతున్న 1945 ఏప్రిల్‌లో తెరెజీన్ చిన్నకోటలో చంపారు.

ప్రశ్న: సార్, మాది రేడియో, టీవీ రిపేరు షాపు, మా నాయన కాలం నుంచీ ఉండాది. అప్పట్లో అక్కడ రేడియోల్లో షార్ట్ వేవు పీకేశారంట గదా. పీకేసిన సెట్లో లండన్ ఎట్లా యినేవోళ్లు? – కందుకూరు

మీలాంటివాళ్ల చేతనే పీకించారు, మళ్లీ మీలాంటివాళ్లే పెట్టారు.

ముందు చట్టం. 1939 సెప్టెంబరు 1న, అంటే యుద్ధం మొదలైన రోజే, విదేశీ ప్రసారాలు వినడం నేరమని జర్మనీ ఉత్తర్వు వేసింది. వింటే కఠిన కారాగారం. విన్నది పదిమందికీ చెప్తే, తీవ్రమైన కేసుల్లో మరణశిక్ష. అందులో ఒక మెలిక: గెస్టపో కోరితే తప్ప ప్రాసిక్యూటరు కేసు పెట్టకూడదు. అంటే ఎవణ్ని కోర్టుకి పంపాలి, ఎవణ్ని బెదిరించి ఇన్‌ఫార్మరుగా వాడుకోవాలి అన్నది పోలీసు ఇష్టం. ప్రతి సెట్టుకీ ఒక చిన్న అట్టముక్క తగిలించాలి. మధ్యలో బెజ్జం కొట్టి ట్యూనింగు మరకి గుచ్చుతారు. 'విదేశీ రేడియో వినడం నిషిద్ధం, కారాగారం గానీ మరణం గానీ శిక్షగా పడుతుందని గుర్తుంచుకోండి' అని దాని మీద ఉంటుంది. స్టేషను మార్చబోతే వేళ్లకి తగిలేది ముందు ఆ అట్టే.

అప్పటికీ జనం మానలేదు. అప్పుడు సెట్లన్నీ రిపేరు షాపులకి తెచ్చి షార్ట్ వేవు భాగం తీయించుకోవాలని ఆజ్ఞ వేశారు. మీకు తెలిసిందే, మీడియం వేవు కాయిలుకి చుట్లు ఎక్కువ, షార్ట్ వేవుకి తక్కువ. ఆ తక్కువ చుట్ల కాయిళ్లు తెంపేసి, బ్యాండు స్విచ్చి పని చేయకుండా చేస్తే సెట్టు మీడియం వేవుకే పరిమితం. దానికి విరుగుడుగా పుట్టిందే 'చర్చిల్కా'. చర్చిల్ పేరు మీద పెట్టిన ముద్దుపేరు. అరచేతిలో పట్టేంత సామాను: నాలుగు చుట్లు రాగి తీగ, ఒకటో రెండో చిన్న విడిభాగాలు. కావలసినప్పుడు సెట్టులో తగిలించి, పని కాగానే తీసి దాచెయ్యాలి. శాశ్వతంగా టంకం వేస్తే తనిఖీలో మూత విప్పగానే కనపడుతుంది, అందుకే విడిగా ఉంచేవాళ్లు.

మరి దొరికేదెలా? కాయిలు తీయడం మరిచిపోయి. ముల్లు పాత చోటికి తిప్పడం మరిచిపోయి. అన్నిటికంటే ఎక్కువగా శబ్దం వల్ల. లండన్ ప్రసారానికి ముందు డోలు మీద మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ కొట్టేవాళ్లు, మోర్సులో 'వి' అక్షరం. లోతైన చప్పుడు, మాటలకంటే బాగా గోడ దాటుతుంది. పక్కింటివాడు మాట వినక్కర్లేదు, ఆ నాలుగు దెబ్బలు వింటే చాలు. దుప్పటి కప్పుకుని సెట్టుకి చెవి ఆనించి వినేది అందుకే.

ప్రశ్న: ఏ సెక్షన్ కింద శిక్షించారు? ఆక్రమిత దేశం పౌరుడికి రాజద్రోహం ఎలా వర్తిస్తుంది? అదే కాలంలో మన దగ్గర డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌తో పోల్చవచ్చా? – ఒక న్యాయవాది, నెల్లూరు

అడగాల్సిన ప్రశ్న ఇదే. జర్మన్ల లెక్కలో బొహీమియా, మొరావియా ఆక్రమిత దేశం కాదు, రైఖ్ (జర్మన్ రాజ్యం) భూభాగంలో భాగం. కాబట్టి చెకోస్లొవేకియాని మళ్లీ నిలబెట్టాలనుకోవడం అంటే రైఖ్ నుంచి ఒక ముక్కని బలప్రయోగంతో విడదీయడం. అది జర్మన్ శిక్షాస్మృతిలో సెక్షన్ 80, రాజద్రోహం. పని పూర్తి కానక్కర్లేదు, సెక్షన్ 83 కింద 'సన్నాహం' చాలు. ఆ సెక్షన్లో మూడో క్లాజు చూడండి: సన్నాహం కోసం సంస్థాగత సంబంధాన్ని నిలబెట్టినా, రాతల ద్వారా గానీ రేడియో ద్వారా గానీ జనాన్ని ప్రభావితం చేయజూసినా శిక్ష మరణందాకా వెళ్తుంది. ఇప్పుడు ఒక ముద్దాయిని ఊహించుకోండి. అరెస్టయినవాడి భార్యాబిడ్డల కోసం ఫ్యాక్టరీలో తలా కొంత వసూలు చేశాడు, అంతే. ప్రాసిక్యూటరు దాన్ని దానం అనడు. జైలుకెళ్లినా ఇల్లు గడుస్తుందన్న భరోసా వల్ల సంస్థ నిలబడుతోంది కాబట్టి 'సంస్థాగత సంబంధం' అంటాడు. లండన్‌కి సమాచారం పంపితే సెక్షన్ 91బి, శత్రువుకి తోడ్పాటు.

కేసు నడక సాధారణంగా ఇలా ఉండేది. గెస్టపో అరెస్టు చేస్తుంది. 'రక్షణ నిర్బంధం' అనే పేరుతో ఉంచుకుంటుంది, దానికి గడువూ లేదు, జడ్జి సంతకమూ అక్కర్లేదు. స్టేట్‌మెంటు తయారయ్యాక ప్రాసిక్యూషన్‌కి పంపొచ్చు, పంపకుండా నేరుగా కాన్సెంట్రేషన్ క్యాంపుకి తోలెయ్యొచ్చు. పంపితే పెద్ద కేసులు బెర్లిన్ ప్రజా న్యాయస్థానానికి, కొంచెం చిన్నవి డ్రెస్‌డెన్, బ్రెస్లావ్ లాంటి చోట్ల పై కోర్టులకి, రేడియో వినడం వంటివి ప్రత్యేక కోర్టులకి. మొదటి తీర్పే ఆఖరి తీర్పు. అప్పీలు లేదు, క్షమాభిక్ష అర్జీ ఒక్కటే ఉంది. డ్రెస్‌డెన్ మ్యూన్‌ఖెనర్ ప్లాట్స్ కోర్టు ఆవరణలో తల తీసినవాళ్లలో ఎక్కువమంది చెక్‌లే. 1943 ఏప్రిల్ నుంచి ప్రాగ్ పాంక్రాట్స్ జైల్లోనే గిలొటిన్ పెట్టారు, రెండేళ్లలో వెయ్యిమందికి పైగా అక్కడ పోయారు. శిక్ష అమలయ్యాక వారసులకి బిల్లు వచ్చేది. మరణశిక్ష ఫీజు 300 మార్కులు, జైల్లో ఉన్న రోజుకి ఒకటిన్నర మార్కు, లాయరు ఖర్చు, అమలు ఖర్చు, ఆఖర్న ఆ బిల్లు పంపిన తపాలా బిళ్ల 12 ఫెనిగులు. (ఒంగోలు రచయితగారూ, మీ నాటికకి ఇది పనికొస్తుంది.)

ఇదంతా మామూలు రోజుల సంగతి. 1941 సెప్టెంబరు 27న సంరక్షిత ప్రాంతానికి కొత్త నాజీ పాలకుడిగా హైడ్రిఖ్ ప్రాగ్‌లో దిగాడు, మర్నాటి నుంచి అత్యవసర స్థితి. ఇక 'స్టాండ్‌గెరిష్ట్' అనే తక్షణ కోర్టులు. పేరుకి కోర్టు, కూర్చున్నది గెస్టపో, ఎస్.ఎస్. మనుషులు. తీర్పులు మూడే రకాలు: మరణం, గెస్టపోకి అప్పగింత, విడుదల. అప్పగింత అంటే క్యాంపు. మొదటి రోజే జనరల్స్ బీలీ, వోయ్టాలని రుజీనేలో కాల్చేశారు. 1942 జనవరిలో ఎత్తేసేదాకా ఆ కోర్టులు 486 మందికి మరణం వేసి, 2,242 మందిని క్యాంపులకి పంపాయి. పేర్లు ఎర్ర పోస్టర్ల మీద రెండు భాషల్లో గోడలకెక్కేవి. అదే వారంలో సంరక్షిత ప్రాంతం చెక్ ప్రధానమంత్రి జనరల్ ఎలియాష్‌ని మాత్రం ప్రజా న్యాయస్థానాన్నే ప్రాగ్‌కి రప్పించి అక్టోబరు 1న విచారించారు. లండన్‌తో ఆయనకి నిజంగానే సంబంధాలున్నాయి. వెంటనే చంపలేదు, బందీగా అట్టేపెట్టుకుని 1942 జూన్ 19న కాల్చారు.

మన రూల్స్‌తో పోలిక... ఒక తేడా చెప్తే సరిపోతుంది. 1943 ఏప్రిల్‌లో కేశవ్ తల్పాడే కేసులో ఫెడరల్ కోర్టు, యుద్ధకాలానికి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో నిర్బంధానికి ఆధారమైన 26వ రూలు చెల్లదని తీర్పు చెప్పింది. ప్రభుత్వం చేసిందేమిటంటే వెంటనే ఆర్డినెన్సు తెచ్చి ఆ బొక్క పూడ్చింది, తల్పాడేలాంటివాళ్లకి ఒరిగింది తక్కువ. 1942లో ఇక్కడ కాల్పులూ లాఠీలూ తక్కువేం కావు, బ్రిటిష్‌వాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు. కానీ 'నీ రూలు చెల్లదు' అని ప్రభుత్వంతో అనగల బెంచి ఒకటి ఇక్కడుంది. అదే నెలలో పాంక్రాట్స్‌లో గిలొటిన్ పని మొదలుపెట్టింది. అక్కడ కోర్టు విడుదల చేసినా గెస్టపో జైలు గేటు దగ్గరే మళ్లీ పట్టుకెళ్లొచ్చు, ఆ పోలీసు ఉత్తర్వుని ప్రశ్నించే కోర్టే లేదు.

ప్రశ్న: మేడమ్, మీ వ్యాసంలో ఒక్క స్త్రీ పేరూ లేదు. ఎవరూ లేరా? – డిగ్రీ విద్యార్థిని, సింగరాయకొండ

ఉన్నారమ్మా, తప్పు వ్యాసానిదే. షెల్టర్లు, కొరియర్లు, కూపన్లు అని పైన చెప్పిన పనులన్నీ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. హైడ్రిఖ్‌ని చంపడానికి లండన్ నుంచి వచ్చిన పారాచూట్ దళాన్ని ప్రాగ్‌లో కన్నబిడ్డల్లా చూసుకున్న మరీ మొరావ్‌ట్సోవా 1942 జూన్ 17 తెల్లవారుజామున గెస్టపో ఇంటికి రాగానే విషం మింగింది. 'వ్ బోయ్' అనే రహస్య పత్రికకి పనిచేసిన ఇరెనా బెర్నాష్‌కోవాని 1942 ఆగస్టు 26న ప్లోట్సెన్‌జేలో చంపారు. ఆ పత్రికకే బొమ్మలు చెక్కిన ఆమె తండ్రి, చిత్రకారుడు వోయ్టెఖ్ ప్రైసిగ్ డాఖౌ క్యాంపులో పోయాడు. మరీ కుదెర్జీకోవాకి బ్రెస్లావ్‌లో 1943 మార్చి 26న శిక్ష అమలైంది. రెండు రోజుల ముందే ఆమెకి 22 నిండాయి.

మిలాదా హోరాకోవా పేరు మాత్రం రాసి పెట్టుకో. న్యాయశాస్త్రం చదివిన మనిషి, పిటిషన్ కమిటీ సంస్థలో పనిచేసి 1940లో అరెస్టయింది. పాంక్రాట్స్, తెరెజీన్ దాటించి 1944లో డ్రెస్‌డెన్ కోర్టులో నిలబెట్టారు. ప్రాసిక్యూషన్ మరణశిక్ష అడిగితే ఎనిమిదేళ్లు పడింది. జర్మనీలోని ఐఖాఖ్ జైలు నుంచి 1945లో బయటపడింది. 1950 జూన్ 27న అదే పాంక్రాట్స్ జైల్లో ఆమెని ఉరితీశారు, ఈసారి స్వదేశపు కమ్యూనిస్టు ప్రభుత్వం. ఫూచిక్‌ని గోడల మీద బొమ్మ కట్టిన ప్రభుత్వమే అది. ఇద్దరి పేర్లూ పక్కపక్కన చదవకపోతే ఆ దేశం చరిత్ర సగమే తెలుస్తుంది.

ప్రశ్న: హైడ్రిఖ్‌ని చంపడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ కదా? – నెల్లూరు, కావలి నుంచి పలువురు

లండన్ నుంచి వచ్చి 1941 డిసెంబరు 28 రాత్రి పారాచూట్లతో దిగిన గాబ్చిక్, కుబిష్ 1942 మే 27న దాడి చేశారు. స్టెన్ గన్ మొరాయించింది, కుబిష్ విసిరిన బాంబు పనిచేసింది, హైడ్రిఖ్ జూన్ 4న చచ్చాడు. దాడితో ఏ సంబంధమూ లేని లిడిసే గ్రామంలో జూన్ 10న 173 మంది మగవాళ్లని కాల్చారు. లెజాకీలో వైర్‌లెస్‌కి చోటిచ్చినందుకు జూన్ 24న 33 మంది పెద్దవాళ్లని చంపారు. దాడిని 'ఆమోదించాడు' అన్నదే ఒక నేరమైంది, బస్సులో నోరు జారినవాడికీ తుపాకీ గుండే. పారాచూట్ దళంలోనే ఉన్న చుర్దా జూన్ 16న గెస్టపో గుమ్మం ఎక్కాడు. రెండు రోజులకి రెసెల్ వీధి చర్చిలో దాక్కున్న ఏడుగురూ పోయారు. వాళ్లకి ఆశ్రయమిచ్చిన వాళ్లనీ బంధువుల్నీ మౌట్‌హౌసెన్ క్యాంపుకి తీసుకెళ్లి, అక్టోబరు 24న ఒక్కరోజే 262 మందిని, వైద్య పరీక్ష పేరుతో ఒక్కొక్కరినే లోపలికి పిలిచి మెడ వెనక కాల్చారు.

దేశంలోపలి సంస్థలకి ఆ దెబ్బ నుంచి కోలుకోవడం యుద్ధం చివరిదాకా సాధ్యపడలేదు. లండన్‌లోని ప్రవాస ప్రభుత్వానికి మాత్రం కావలసింది దక్కింది. 1938లో చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాల్ని హిట్లర్‌కి కట్టబెట్టిన మ్యూనిక్ ఒప్పందానికి 1942 ఆగస్టులో బ్రిటన్ ఇక కట్టుబడి ఉండనని ప్రకటించింది. ఆ దాడి వద్దని లోపలి నాయకులు కొందరు ముందే లండన్‌కి సందేశం పంపారు. మా లెక్కలో వాళ్ల భయం నిజమైంది. కానీ గ్రామాన్ని తగలబెట్టింది బాంబు విసిరినవాడు కాదు, తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చినవాడు. ఈ రెంటినీ కలిపి ఒకే ఖాతాలో రాయొద్దు. ఆ ఖాతా ప్రాగ్‌లోనే తేల్చారు. సంరక్షిత ప్రాంతంలో నాజీ పోలీసు పెద్ద కార్ల్ హెర్మన్ ఫ్రాంక్‌ని 1946 మే 22న, చుర్దాని 1947 ఏప్రిల్‌లో పాంక్రాట్స్‌లో ఉరితీశారు.

ప్రశ్న: చెక్ పేర్లు నటులు ఎలా పలకాలి? – మళ్లీ ఒంగోలు నాటక రచయితే

చెక్‌లో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, పేరు ఎంత పొడుగున్నా. దీర్ఘం ఎక్కడుంటే అక్కడ సాగదీయండి, ఊనిక మాత్రం మార్చొద్దు. మనం ఫూచిక్ అని రాస్తున్నాం గానీ చెక్‌లో 'ఫు' పొట్టిది, 'చీ' పొడుగు; నొక్కేది 'ఫు' మీద, సాగదీసేది 'చీ'. మాషీన్‌లో మొదటి అక్షరం నొక్కి, 'షీ' సాగదీయాలి. పాంక్రాట్స్‌లో చివరిది 'ట్స్', 'క్' కాదు. కుదెర్జీకోవాలో 'ర్జ' ఒకే ధ్వని, రకారం జకారం కలగలిపినట్టుంటుంది. రాకపోతే 'ర్జ' అనండి, పరిషత్తు జడ్జీలు మార్కులు తగ్గించరు.